వేస్టు అని రాసిన పెట్టె

మా టేపు తాత పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను. ఆయనకు జరిగిన అన్యాయం ముందు చెప్పాలి. నలభై ఏళ్ళకు పైగా ఆయన కాపాడుకున్న కాగితం టేపులను, ఆయన ఆసుపత్రిలో పడి ఉండగా, ఇంట్లోంచి ఎత్తి టపాకాయలు చుట్టే షెడ్డుకు తోలారు. తోలింది ఆయన అన్న కొడుకు. మోసి బండిలో పెట్టింది నేను. శవం దగ్గర నిలబడ్డ వాళ్ళంతా వయసయింది, పోయాడు అన్నారు. ఆయన ఆసుపత్రి నుంచి తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వచ్చాడు. ఖాళీ గోడ చూశాడు. ఎనిమిది రోజులు బతికాడు. దాన్ని వయసు అనే వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఆయన ఎవరో తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. మాది తమిళనాడు. కోవిల్‌పట్టి బయట ఒక నూలు మిల్లు ఉండేది. ఇప్పుడు గోడలు కూడా లేవు. మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ మిల్లుకు ఒక మినీ కంప్యూటర్ వచ్చింది. మినీ అంటే చేతిలో పట్టేది కాదు, రెండు బీరువాలంత. దాన్ని నడపడం నేర్చుకు రమ్మని తాతను ఆరు నెలలు హైదరాబాదు పంపారు. వెళ్ళేటప్పుడు ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, మా అందరిలాగే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, చదువంతా తమిళంలోనే. తిరిగి వచ్చేటప్పుడు రెండు తెచ్చుకున్నాడు: ఒక పెట్టె నిండా టేపులు, ఒక తెలుగు వాచకం. ఆ వాచకంలోనే పాతికేళ్ళ తర్వాత నేను అక్షరాలు దిద్దాను. ఇప్పుడు మీరు చదువుతున్న, మా వీధిలో నేనే చదివి వినిపించే ఈ అక్షరాలు ఆయన పెట్టినవే.

ఆ మిషనుకు అంకెలు తప్ప మరొకటి అర్థం కాదు. మనిషి ఇది కూడు, అది తియ్యి, అక్కడికి పో అని పొట్టి మాటల్లో రాస్తాడు. ఆ మాటలను అంకెల్లోకి మార్చి మిషనుకు అందించేది మధ్యలో ఒకటి ఉండాలి. దాన్ని అసెంబ్లర్ అంటారు. అదేమీ మిషను లోపల కూర్చుని ఉండేది కాదు. అంగుళం వెడల్పున్న నూనె కాగితం చుట్ట మీద బెజ్జాల వరసలుగా ఉండేది. కావలసినప్పుడల్లా ఆ చుట్టను మిషనుకు తినిపించాలి. అది లేకపోతే మిషను ఉత్త ఇనుము. తాత దాన్ని అసెంబ్లర్ అనడం నేను ఎప్పుడూ వినలేదు. దుబాసీ అనేవాడు. ఇంట్లో మనిషిని పిలిచినట్టు, దుబాసీ వచ్చినాడు, దుబాసీ చెప్పినాడు అనేవాడు.

నాకు పదిహేనేళ్ళప్పుడు బస్టాండులో పంచిన కరపత్రం ఒకటి పట్టుకుని ఆయన ఇంటికి ఉరికాను. అందులో ఏముందో చెప్పకముందే నా గొంతు లేచింది. ఆయన పీట మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఎన్ని తూర్లు చదివినావురా?"

"ఒక తూరి, తాతా."

"దుబాసీ ఏది చదివినా రెండు తూర్లు చదువుతాడు. మొదటి తూరి ఎవరి పేరేమి, ఎవరు యాడుండారు అని చూసుకుంటాడు, అంతే. నోరు తెరవడు. రెండో తూరికి దా అసలు పని. నువ్వు మొదటి తూరికే అరస్తావుండావు. కూర్చో. ఇంగొక తూరి చదువు."

"రెండో తూరి చదివితే కోపం పోతుందా?"

"యాడికి పోతుంది. ఎవరి మీద పడాల్నో తెలుస్తుంది."

అప్పటి నుంచి దొరికిన ప్రతి కరపత్రాన్నీ ఆయన ముందు రెండు సార్లు చదివాను. ఆయన ముందు మాత్రమే.

ఆయన మీద మా ఊరు చేసిన దౌర్జన్యం నా తరంలో మొదలుకాలేదు. మిషను రాగానే మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాలను ఇంటికి పంపారు. యాజమాన్యం మీద చెయ్యి ఎత్తడానికి ధైర్యం చాలనివాళ్ళు మిషను నడిపేవాడి మీద ఎత్తారు. ఆయన తలుపుకు పేడ కొట్టారు. కుదిరిన సంబంధాన్ని చెడగొట్టారు. ఆ తర్వాత ఆయన పెళ్ళి మాట ఎత్తలేదు. వీధిలో ఎవరి ఇంట శుభకార్యమైనా ఆయన గడప ఒక్కటి వదిలి పిలిచేవారు. ముందు నిలబడి చేయించింది మా సొంత తాత, అమ్మ వాళ్ళ నాయన. ఇది నాకు చెప్పింది టేపు తాతే. నవ్వుతూ చెప్పాడు. "మీ తాత చెయ్యి మంచిది. పేడ నిదానంగా, సమంగా మెత్తినాడు" అన్నాడు.

మిల్లు మూతపడినప్పుడు ఇంకో అవమానం. మిషను లోపలి పలకలకు సన్నగా బంగారు పూత ఉంటుందని ఎవరో చెప్పారు. దాన్ని పగలగొట్టి పూత తీయాలన్నారు. సుత్తి తెచ్చి ఆయన చేతికే ఇచ్చారు. ఎందుకు ఒప్పుకున్నావని ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఇంగొకడయితే విప్పేది తెలీక రెండు దెబ్బలు ఎక్కువ వేసుంటాడు" అన్నాడు.

నేను ఆ జవాబుకు ఆయన్ను తిట్టాను. బానిస బుద్ధి అన్నాను. ఆయన కాయలు ఒలవడం ఆపలేదు.

టేపులను మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత తీపెట్టి ఆఫీసులో పర్యవేక్షణకు చేరాడు. అగ్గిపెట్టెల కార్ఖానాను మా వైపు ఆఫీసు అనే అంటారు. అక్కడ మా అమ్మ చట్రాల్లో పుల్లలు పేర్చేది. వరసకు ఇన్ని సందులని ఉంటుంది, ప్రతి సందులో ఒక పుల్ల. చూడకుండానే పేరుస్తారు. ఏ సందు ఖాళీగా ఉందో కంటి కొసతో పట్టేస్తారు. వానాకాలంలో పుల్లలు ఆరక పని ఆగిన రోజున ఆయన ఒక చిన్న టేపు తెచ్చి ఆడవాళ్ళ ముందు పరిచాడట. అడ్డంగా ఎనిమిది చోట్లు. బెజ్జం ఉన్నదీ లేనిదీ చెప్పమన్నాడు.

"ఉండాది, లేదు, లేదు, ఉండాది, ఉండాది..." మా అమ్మ ఇప్పటికీ ఒక రాగం మీద చెబుతుంది. "మేము చెప్తావుంటే ఆయన రాసుకోలేక చెయ్యి ఇదిలించుకుండే. ఇంజనీర్లు ఇంత బిరిగా చదవరమ్మీ అనె."

అట్లా ఒక వానాకాలం చదివారు. మిల్లు జీతాల లెక్క టేపు ఒకటి మొత్తం ఒప్పజెప్పారు. దుబాసీ దాకా రాకముందే ఓనరు చూసి ఆపించాడు. ఆడవాళ్ళకు నవ్వులాట ఎక్కువైందన్నాడు.

ఇక నా పని చెబుతాను.

మా వీధి యువజన సంఘానికి కార్యదర్శిని నేను. పాత కాగితాలు పోగు చేసి పిల్లలకు నోటు పుస్తకాలుగా మార్పిద్దామని కరపత్రం రాశాను. "చచ్చిన కాగితాన్ని కౌగిలించుకున్న ఇల్లు బతికిన పిల్లవాడి పలకను దొంగిలించినట్టే" అని అందులో ఒక వాక్యం ఉంది. నా వాక్యమే. దాన్ని చూసి మురిసిపోయాను. ఆ వారమే తాత పనుందని బస్సెక్కి విరుదునగర్ వెళ్ళాడు. అక్కడే ఒళ్ళు తూలి పడితే ఆసుపత్రిలో చేర్చారు. ఏం పనో ఎవరికీ చెప్పలేదు.

ఇల్లు చూసుకోవడానికి ఆయన అన్న కొడుకు వచ్చాడు. టపాకాయల ఏజెంటు. సొంత బండి ఉంది. నన్ను మాప్ళే, అంటే అల్లుడా, అంటాడు, నేను మామా అంటాను. గోడ వార తొమ్మిది అట్టపెట్టెలు.

"మామా, ఇవి తాతను అడిగి..."

"ఏమి అడిగేది మాప్ళే. ఆయన ఒళ్ళు ఆయనకే తెలీలేదు. ఇదో చూడు, ఆయన చేత్తోనే రాసుండాడు."

పై పెట్టె మీద తమిళంలో పెద్ద అక్షరాలతో వేస్టు అని రాసి ఉంది. అందరికన్నా ముందు దాన్నే భుజాన పెట్టుకున్నాను. బరువుగా, నూనె వాసనతో ఉంది. నూనె కాగితాన్ని పుస్తకాలవాళ్ళు తీసుకోరు, తాయిల్పట్టిలో వెడులు చుట్టేవాళ్ళకు తానే ఇస్తానన్నాడు మామ. వెడి అంటే టపాకాయ. పట్టీలుగా కోసి ఉన్న కాగితం, వాళ్ళకు కత్తెర పని కూడా తప్పుతుందన్నాడు. సరే అన్నాను. తొమ్మిది పెట్టెలూ బండికెక్కించడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

తాత తిరిగి వచ్చిన రోజు నేనే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. పెట్టెలున్న చోట సున్నం తెల్లగా మిగిలి ఉంది, చుట్టూ గోడ మాసిపోయి. ఆయన ఆ తెలుపు వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు.

"ఎవరు ఎత్తినారు?"

"సంఘం, తాతా. నేనే. వేస్టు అని రాసుండె."

"రెండు తూర్లు చదివినావా?"

ఆయన పాత పాట మొదలుపెట్టాడనుకున్నాను. నాకు చిరాకు పుట్టింది. "వేస్టు అనే దాన్ని రెండు తూర్లు ఏమి చదివేది? మిషను చచ్చి ఎన్నేండ్లయె. బతికిన పిల్లోళ్ళకి పుస్తకాలయితే తప్పా?"

"సరి" అన్నాడు. ఆ ఎనిమిది రోజులూ ఆ తెల్లటి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ గంజి తీసుకెళ్తే లేచి తాగేవాడు, గిన్నె కడిగి ఇచ్చేవాడు. నేను వెళ్తే కరపత్రం ఏదైనా వచ్చిందా అని అడిగేవాడు. నేను చదివేవాడిని. ఒకసారే. రెండోసారి చదవమని ఆయన ఇక చెప్పలేదు. నన్ను గెలిచాననుకోనిచ్చాడు.

పాడె లేచినప్పుడు అన్న కొడుకు ఖర్చుకు వెనకాడలేదు. మా వైపు శవం ముందు వెడులు పేలకపోతే మర్యాద కాదు. రెండు బస్తాల వెడులు తాయిల్పట్టి నుంచి తెప్పించాడు. వీధి మొదటి నుంచి రైలు గేటు దాకా పేల్చుకుంటూ పోయారు. పొగలో నేను పాడె మోస్తున్నాను. కాళ్ళ కింద కాగితం ముక్కలు. వెనక గుమ్మం దగ్గర ఆగిపోయిన ఆడవాళ్ళలోంచి అమ్మ ఒంగి రోడ్డు మీది ముక్కను ఒకదాన్ని తీసింది. నేను తిరిగి వచ్చి స్నానం చేసేదాకా దాన్ని పిడికిట్లోనే పెట్టుకుని ఉంది. తర్వాత చెయ్యి తెరిచి చూపింది. గోరంత ముక్క. అంచులు కాలి ఉన్నాయి.

"చదువు" అంది.

"ఏముందమ్మా?"

"లేదు, ఉండాది, ఉండాది, లేదు" అంది అమ్మ. "ఇది మీ టేపు తాత టేపురా."

ఆయన టేపులనే ఆయన శవం ముందు కాల్చాం. ఎక్కువమందికి ఇది ఇప్పుడే తెలుస్తుంది. తెలియాలి.

ఆ సాయంత్రం విరుదునగర్ నుంచి ఒక అక్క వచ్చింది. రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఆమెది. మూతపడిన వేరే మిల్లు నుంచి తాత నడిపిన రకం మిషను ఒకటి పాత ఇనుముగా వస్తే, ముక్కలు కానివ్వకుండా కొనుక్కుని ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేసింది. దీపాలు వెలుగుతాయి, కానీ దుబాసీ లేడు. దేశదేశాల్లో పాత మిషన్లను బతికించుకునే వాళ్ళందరినీ అడిగిందట. బయటి దేశాల టేపులు దీనికి సరిపోవు, ఇక్కడివాళ్ళు మిషనును మార్చుకున్నారు, ఉంటే మీ వైపే ఎక్కడో ఉండాలి అన్నారట. పాత మిల్లు మనుషులను ఒక్కొక్కరినే అడుగుతూ పోతే చివరికి తాత దొరికాడు. ఆయన విరుదునగర్ వెళ్ళిన పని అదే.

"మీ తాత వచ్చి మిషను ముందర నిలబడినాడు. కాయిదం లేదు, ఏమీ లేదు" అంది అక్క. "ముందర పలక మీద మీటలుంటాయి కదా, ఒక్కొక్కటే పైకీ కిందికీ ఏసినాడు. అన్నేండ్ల కింద నేర్చినది, చేతి వేళ్ళకి గెవనం ఉండాది, మరవలేదు. టేపు చదివే చక్రం తిరిగె. టేపు లేకనే తిరిగె. వచ్చే తూరి దుబాసీని పిలుచుకొని వస్తానమ్మా అని బయటికి పోయినాడు. మెట్టు మీద పడినాడు."

తర్వాత తగ్గు గొంతుతో అంది. "పోయేదానికి రెండు దినాల ముందర ఫోను చేసినాడు. పెట్టె లేదమ్మా, మా వీధోడు ఒకడు తెలీక చేసినాడు, వాని పేరు మాత్రం అడగొద్దు అనె. ఎవరు తమ్ముడూ అది? నీకు తెలుసునా?"

తెలియదన్నాను. శవం లేచిన ఇంట్లో నిలబడి, నేను, సంఘం కార్యదర్శిని, తెలియదన్నాను. ఆమెకు ఫోనులో నిజం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆమె ఫోను పెట్టేసింది. మళ్ళీ తనే చేసింది. "ఏడ్చేది చాలు, తాయిల్పట్టికి పో" అంది.

వెళ్ళాను. చుట్టే షెడ్డులో ఒక పెద్దమ్మ, మన మాటే మాట్లాడే మనిషి, నూనె కాగితం అనగానే మొహం చిట్లించింది.

"ఆ దరిద్రం నువ్వు అంపినదా? బంక పట్టలేదు నాయనా. మూడు చుట్టినాక ఒకటి నిలిచె. తక్కిన పెట్టెలు, కడాపటి దాని పై చుట్లు ఎట్లనో ముగించి మిగతాది బల్ల కింద తోసినాము. తీసుకొని పో, మాకు పీడ పోతుంది."

బల్ల కింద పెట్టె ఉంది. వేస్టు అనే మాట పైకి కనిపిస్తూ. లోపల చుట్ట, పళ్ళెమంత ఉండేది దోసిలంత మిగిలి ఉంది. ఎత్తుకుని వెలుగులోకి వచ్చి పెట్టెను తిప్పాను. నా జీవితంలో దాన్ని మొదటిసారి తిప్పాను. వెనక పక్క, ఇంకు వెలిసిపోయి, తెలుగులో రాసి ఉంది:

దుబాసీ ఇందులో ఉన్నాడు. పారేయవద్దు.

మా వీధి మొత్తంలో ఆ రెండు వాక్యాలు చదవగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణి. చదవడం నేర్పింది ఆయనే. మొదటి తూరి తమిళం, రెండో తూరి తెలుగు. ఆయన అడిగింది అదే. నేను జవాబుగా ఆయనకు నా కరపత్రం ఒప్పజెప్పాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ చెప్పింది మిగతాది. గుమాస్తాలను తీసేసిన రోజుల్లో కార్మికులు మిషను గదిలో చొరబడి టేపులన్నీ గేటు ముందు వేసి కాల్చారట. తాత అంతకు ముందు రోజే దుబాసీ పెట్టె మీద తమిళంలో వేస్టు అని రాసి మూల పడేశాడు. వాళ్ళు మంచి పెట్టెలు కాల్చి దాన్ని వదిలేశారు. తెలుగు చదవడం ఎవరికీ రాదు కనక నిజం వెనక రాసుకున్నాడు. టేపు తాత మంట నుంచి దాటించిన దుబాసీ నా చేతికి మాత్రం దొరికిపోయాడు. కోపిష్ఠివాళ్ళను తప్పించుకున్నాడు. చదువుకున్నవాణ్ణి తప్పించుకోలేకపోయాడు.

ఇప్పుడు అసలు విషయం. లోపలి చుట్లు మా దగ్గర ఉన్నాయి. పై చుట్లు, అంటే టేపు మొదటి భాగం, వెడుల్లో ఉంది. పేలినవి పోయాయి. కానీ పేలనివి ఒక బస్తా మిగిలాయి. అవి అన్న కొడుకు దగ్గర ఉన్నాయి. తాయిల్పట్టి పెద్దమ్మను అడిగాను, చుట్టినదాన్ని విప్పవచ్చా అని.

"బకిట్లో ఏసి నానబెట్టు. మందు చస్తుంది. నూనె కాయిదం కదా, దానికేమి అవుతుంది? నేను వచ్చి విప్పుతాను, నువ్వు చెయ్యి పెట్టొద్దు" అంది.

అన్న కొడుకును అడిగాను. ఇవ్వనన్నాడు.

"మాప్ళే, ఆదివారం పెద్దకర్మ. పదకొండు గంటలకి కాల్చాల. సుమ్మా, ఊరికే నీళ్ళలో పోస్తే చచ్చినోడికి మరియాదనా? చిన్నాయనకి ఇంగెవరుండారు, నేను దా చెయ్యాల."

ఆయనకు చిన్నాయన మీద ప్రేమ లేదని నేను అనను. ఆ ప్రేమతోనే ఆయన మిగిలిన టేపును కూడా కాలుస్తాడు. అడ్డుపడడానికి నేనొక్కణ్ణి చాలను. నా మాటకు ఆ ఇంట్లో విలువ లేదు, ఉండకూడదు కూడా.

అందుకే అడుగుతున్నాను. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు తాత ఇంటి పెరట్లోకి రండి. పెద్దకర్మకు పిలవలేదని ఆగవద్దు. ఆయన్ను మనం ఎన్ని కార్యాలకు పిలిచాం? ఇంటికొక బకెట్ తెండి. ఆ రోజు వీధిలో ఎవరైనా నాలుగు వెడులు ఏరుకుని దాచుకుని ఉంటే అవి కూడా తెండి. బీడీ, అగ్గిపెట్టె ఇంట్లో పెట్టి రండి, ఈ ఒక్క పూటకు ఈ ఊరు వాటిని మరచిపోవచ్చు. పెద్దమ్మ మొదటి బస్సుకు వస్తానంది. విరుదునగర్ అక్క నోటు పుస్తకాలతో వస్తుంది, మనం రాసినదాన్ని సాయంత్రం మిషనుకు ఎక్కించడానికి తీసుకెళ్తుంది. తీపెట్టి ఆఫీసు ఆడవాళ్ళు పదకొండుమంది మా అమ్మకు మాట ఇచ్చారు. అన్న కొడుకుకు కూడా పీట వేసి ఉంచుతాం.

తొమ్మిదే ఎందుకంటే, ఆ వేళకు ఎండ వంటింటి జాలీలోంచి వచ్చి సరిగ్గా పెట్టెలు ఉండిన చోట, ఆ తెల్ల గోడ మీద పడుతుంది. తడి టేపును ఆ ఎండలో ఎత్తి పట్టుకుంటే బెజ్జాలు గోడ మీద చుక్కలుగా నిలుస్తాయి. ఆడవాళ్ళు చదువుతారు, ఉండాది, లేదు, ఉండాది. నేను రాస్తాను. మొదటి తూరి ఎవరూ ఏమీ అనకుండా రాసుకుంటాను. రెండో తూరి మళ్ళీ మొదటి నుంచి చదువుదాం.